సైలెన్సర్ మార్చే ముందు ఈ సౌండ్లు వినండి

ఫ్రెండ్స్, కారు అదే, ఇంజిన్ అదే, కింద సైలెన్సర్ మాత్రమే మారుతుంది. హెడ్‌ఫోన్స్ ఉంటే పెట్టుకోండి, ఫోన్ స్పీకర్‌లో బేస్ సరిగ్గా వినపడదు, ఈ వీడియోలో అసలు సంగతంతా బేస్‌లోనే ఉంది.

ముందు ఛాంబర్డ్ టైపు. లోపల రేకు గోడలతో గదులు ఉంటాయి, శబ్ద తరంగాలు ఆ గోడలకు తగిలి వెనక్కి వచ్చి, ఎదురొచ్చే వాటిని కొంతవరకు చంపేస్తాయి. విన్నారుగా, గరుకుగా, దిట్టంగా ఉంది. ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజిన్‌కి ఇది అదిరిపోతుంది. లోపల కాలిపోయే ప్యాకింగ్ ఏమీ లేదు కాబట్టి ఏళ్లు గడిచినా సౌండ్ పెద్దగా మారదు.

ఇప్పుడు స్ట్రెయిట్-త్రూ. చిల్లులున్న గొట్టం, దాని చుట్టూ ఫైబర్‌గ్లాసో స్టీల్ ఊలో కూరి ఉంటుంది. ఆ ప్యాకింగ్ కీచు సౌండ్‌ను బాగా మింగేస్తుంది కానీ బేస్‌ను అంతగా ఆపలేదు, అందుకే ఇంత నిండుగా వినిపిస్తోంది. నాకు చాలా నచ్చిన సౌండ్ ఇదే. కానీ వాడేకొద్దీ ప్యాకింగ్ కాలిపోయి సౌండ్ పెరుగుతుంది, అంటే బిగించిన రోజు చట్టం పెట్టిన సౌండ్ లిమిట్‌లో ఉన్నది తర్వాత దాటిపోవచ్చు.

ఇక లాంగ్ డ్రైవ్‌లో ప్రాణం తీసేది డ్రోన్, క్యాబిన్ లోపల ఆగకుండా వచ్చే ఆ గుంయ్‌మనే మోత. నాలుగు సిలిండర్ల ఇంజిన్ 2000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు దాదాపు 67 సార్లు ఫైర్ అవుతుంది, ఆ 67 హెర్ట్జ్ క్యాబిన్‌తో కలిసి మోగిందంటే అరగంటకే తల పగిలిపోతుంది. ఆగి ఉన్న కారులో రేజ్ చేస్తే ఇది తెలియదు! రెజొనేటర్ గానీ, అంటే ఇలాంటి మోతను తగ్గించడానికి పైపులో పెట్టే అదనపు డబ్బా, ఒక చివర మూసేసి సరైన కొలతకు కోసిన పక్క గొట్టం గానీ పెడితే బాగా తగ్గుతుంది.

సైలెన్సర్ మొత్తం తీసేయడం మాత్రం వద్దు, దయచేసి. సైలెన్సర్ ఒక్కటి తీసినంత మాత్రాన చెప్పుకోదగ్గ పవర్ రాదు. భారత్‌లో సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌లోని 120వ రూల్ ప్రకారం బండికి సైలెన్సర్ ఉండి తీరాలి. ఇక పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ జోలికి వెళ్తే అది శబ్దం కేసు కాదు, కాలుష్యం కేసు.

లిమిట్ల గురించి జనం బాగా కన్ఫ్యూజ్ అవుతున్నారు. కాలిఫోర్నియాలో మామూలు కార్లకు 95 డెసిబెల్స్, యూరప్‌లో 2024 జూలై నుంచి వచ్చే కొత్త మోడళ్లలో చాలా వాటికి 68. యూరప్ అంత కఠినమా అనుకోకండి, కాలిఫోర్నియాలో ఆగి ఉన్న కారు పైపుకి అర మీటరు దూరంలో కొలుస్తారు, యూరప్‌లో పక్కనుంచి వెళ్లే కారుని 7.5 మీటర్ల దూరం నుంచి. ఈ రెండు నంబర్లను పోల్చడానికే లేదు. ఫోన్ యాప్‌లో వచ్చిన రీడింగ్‌ని కూడా నమ్ముకోవద్దు.

యూరప్ రూల్స్ నడిచే చోట సైలెన్సర్ మీద ఈ-మార్క్, అంటే అప్రూవల్ ముద్ర, ఉందేమో చూడండి, అది మీ మోడల్‌కే ఇచ్చిన అప్రూవలా అని పేపర్లు అడగండి, వేరే కారుకి ఇచ్చింది మీకు పనికిరాదు. రేజ్ చేసిన క్లిప్ చూపిస్తే సరిపోదు, హైవే స్పీడ్‌లో క్యాబిన్ లోపల తీసిన రికార్డింగ్ వినిపించమని గట్టిగా అడగండి, అది విన్నాకే డబ్బులు ఇవ్వండి.