పాస్తా గంజి పారబోయకండి: ఎండాకాలానికి క్రీమ్ లేని కూరగాయల పాస్తా

[తెర మీద క్రీమ్ ప్యాకెట్. ఒక చెయ్యి దాన్ని ఫ్రేమ్‌లోంచి పక్కకు నెట్టేస్తుంది.]

వంట వీడియోల్లో "ఎండాకాలం స్పెషల్, లైట్ వెజిటబుల్ పాస్తా" అని మొదలుపెడతారు. రెండో నిమిషానికల్లా క్రీమ్ ప్యాకెట్ బయటికొస్తుంది. లైట్ కదా, అందుకని సగమే పోస్తారట! ఇంకొందరు క్రీమ్ మానేశామని గర్వంగా చెప్పి, తీరా పాస్తా పొడిపొడిగా ఉందని నూనె ధార కడతారు. చివరికి పళ్లెంలో అడుగున నూనె మడుగు, పైన ముద్దకట్టిన పాస్తా.

ఇదంతా ఎందుకొస్తుందంటే, సాస్‌ని అప్పటికే సింక్‌లో పారబోసి ఉంటారు. పాస్తా వార్చిన ఆ మసక నీళ్లున్నాయే, పాస్తా గంజి, అదే సాస్. కూరగాయలు, చీజ్, నిమ్మకాయ అన్నీ దాని తరవాతే.

[రెండు గాజు గ్లాసులు. ఒకదాంట్లో నీళ్లు, పైన తేలుతున్న నూనె. రెండోదాంట్లో గంజీ నూనే కలిపి గిలకొట్టినది.]

నూనెకీ నీళ్లకీ మాటల్లేవు. ఎంత గిలకొట్టినా కాసేపటికి ఎవరి దారి వాళ్లది. గంజిలోని పిండి వాళ్ల మధ్య పెద్దమనిషి. అలాగని ఇద్దరికీ స్నేహం చేయిస్తాడనుకోకండి, అంత శక్తి లేదు. మధ్యలో అడ్డంగా కూర్చుంటాడంతే. వేడికి ఉబ్బిన పిండి నీళ్లలోకి జారి, నీళ్లను చిక్కబరుస్తుంది. ఆ చిక్కదనంలో ఒక నూనె చుక్క ఇంకో నూనె చుక్కని వెతుక్కుంటూ పోలేదు, ఉన్నచోటే ఆగిపోతుంది. లక్షల చుక్కలు అలా ఆగిపోతే మన కంటికి తెల్లగా, నునుపుగా, క్రీమ్‌లా కనిపిస్తుంది. క్రీమ్ వేసి తెచ్చుకునేది కూడా దాదాపు ఇదే. కాకపోతే దాంతోపాటు బోలెడు కొవ్వు వస్తుంది.

అయితే పెద్దమనిషికి బలం ఉండాలి. 100 గ్రాముల పాస్తాకి లీటరు నీళ్లు, 10 గ్రాముల ఉప్పు అన్నది ఇటలీలో అందరూ చెప్పే లెక్క. తప్పు కాదు, కానీ అన్ని నీళ్లలో గంజి పలచనైపోతుంది. ఈ వంటకి ఇద్దరికి సరిపడా 200 గ్రాముల పాస్తా, లీటరున్నర నీళ్లు చాలు. ఉప్పు 12 గ్రాములు, అంటే చెంచా అంచుకి సమంగా రెండు టీస్పూన్లు. ఇంకా తక్కువ నీళ్లు పెడితే ఉప్పు కూడా తగ్గించండి. గంజి పాన్‌లో ఇగిరిపోతుంది, దాంట్లోని ఉప్పు ఇగరదు.

నీళ్లు తగ్గిస్తే అంటుకోదా అని అడుగుతారు. అంటుకునేది మొదటి రెండు నిమిషాల్లోనే. అప్పుడు పాస్తా పైపొర పిండి జిగురవుతుంది. ఆ రెండు నిమిషాలూ గరిటె ఆపకుండా తిప్పండి, తరవాత అప్పుడప్పుడూ చాలు. ఉడికే నీళ్లలో నూనె వేయడం దండగ. పైన తేలుతూ ఉంటుంది, వార్చేటప్పుడు పాస్తాకి పట్టుకుని సాస్‌ని జార్చేస్తుంది. చన్నీళ్లతో కడగడం ఇంకా దారుణం, పెద్దమనిషిని మెడపట్టి బయటికి గెంటినట్టే.

కొనేటప్పుడు ఒక్కటి చూడండి. పాస్తా పైన సుద్ద రాసినట్టు గరుకుగా ఉంటే అది ఇత్తడి లేదా కంచు అచ్చులో తీసినది. గంజి బాగా వదులుతుంది, సాస్‌నీ పట్టుకుంటుంది. మెరుస్తూ నున్నగా ఉంటే టెఫ్లాన్ అచ్చు. అదీ పనికొస్తుంది, గంజి కొంచెం పలచగా వస్తుంది.

ఇక కూరగాయ. ఎండాకాలానికి జుకినీని, అదే కీరదోసలా కనిపించే కూరగాయని, మించినది లేదని నా అభిప్రాయం. కానీ ఎక్కువమంది చెడగొట్టేదీ దాన్నే. జుకినీలో 95 శాతం వరకూ నీళ్లే. ఆ నీళ్లు పాన్‌లోకి దిగితే గంజిని పలచన చేస్తాయి. అంటే ఈ వంటలో రెండు రకాల నీళ్లున్నాయన్నమాట. గంజి సాస్‌ని కడుతుంది, కూరగాయ నీళ్లు దాన్ని విడగొడతాయి.

[దగ్గరగా: పలకమీద జుకినీ చక్రాలు, వాటిమీద పైకి తేలుతున్న నీటి పూసలు.]

రెండు మధ్యరకం జుకినీలు, 350 నుంచి 400 గ్రాములు. లావువి వద్దు, వాటి మధ్యలో గింజలు ముదిరి దూదిలా ఉంటుంది. 3 మిల్లీమీటర్ల మందాన చక్రాలు కోయండి. ఇంకా పలచగా కోస్తే ముద్దైపోతుంది, మందంగా కోస్తే రంగు వచ్చేలోపు లోపల నీరు కారుతుంది. అర టీస్పూన్ ఉప్పు చల్లి 15 నిమిషాలు వదిలేయండి. ఇదిగో, పూసలు కట్టింది చూడండి. గుడ్డతో గట్టిగా అద్దేయండి. ఈ ఒక్క పని ఎగ్గొట్టి, తరవాత "జుకినీ చప్పగా, పిసపిసలాడుతూ ఉంటుంది" అని దాని మీద పడతారు.

వెడల్పాటి పాన్, ఒకటిన్నర టేబుల్‌స్పూన్ల ఆలివ్ నూనె, మధ్యస్థం కంటే కొంచెం పెద్ద మంట. చక్రాలు ఒకే వరసలో పరవాలి. ఒకదాని మీద ఒకటి పడితే ఆవిరి బయటికి పోక వేగాల్సినవి ఉడుకుతాయి. రెండు వాయిలు అవుతుంది, కానివ్వండి. మొదటి వైపు 3, 4 నిమిషాలు కదపొద్దు. అంచు బంగారు రంగు తిరిగాక తిప్పి ఇంకో 2 నిమిషాలు. తీసి పక్కన పెట్టండి. ఇటలీలో సొరెంటో ద్వీపకల్పం చివర నెరానో అని చిన్న ఊరుంది. అక్కడి జుకినీ స్పగెటీకి పెద్ద పేరు. అక్కడ జుకినీని బాగా నూనెలో వేయిస్తారు, ప్రొవొలోనె దెల్ మోనకో అనే చీజ్ కలుపుతారు. రుచి అద్భుతం, కానీ అది తేలికైన వంట కాదు. మనం చేస్తున్నది దాని చిన్న చెల్లెలు అనుకోండి.

[దగ్గరగా: అదే పాన్. ఇక్కడినుంచి వీడియో వేగం తగ్గించాం.]

పాన్ కాస్త చల్లారాక టేబుల్‌స్పూన్ నూనె, సన్నగా తరిగిన రెండు వెల్లుల్లి రెబ్బలు వేసి, సన్న సెగ మీద నిమిషంన్నర. వాసన రావాలి, రంగు మారకూడదు. ఎర్రబడితే చేదు, ఇంత తేలిక వంటలో ఆ చేదు దాగదు.

ఈలోగా పాస్తా ఉడుకుతోంది. ప్యాకెట్ మీద 10 నిమిషాలని ఉంటే 8కే తీయాలి. కొరికితే మధ్యలో పలుకు బాగా తెలియాలి. తీసేముందు ఒక కప్పు గంజి, 240 మిల్లీలీటర్లు, పక్కన పెట్టుకోండి. చిల్లుల గిన్నెలో వార్చేశాక గుర్తొస్తే లాభం లేదు. అసలు వార్చకుండా పట్టకారుతో నేరుగా పాన్‌లోకి లాగేస్తే ఇంకా మేలు.

పాస్తా పాన్‌లో పడింది. అర కప్పు గంజి పోశాం. మంట పెంచాం. ఇప్పుడు పాన్‌ని ముందుకీ వెనక్కీ ఊపుతూ, పట్టకారుతో తిప్పుతూ ఉండాలి. మొదట అడుగున నీళ్లు వేరే, మెరిసే నూనె కళ్లు వేరే కనిపిస్తాయి. నలభై సెకన్లకి బుడగలు చిన్నవవుతాయి. ఇదిగో ఇక్కడ, నూనె కళ్లు మాయమయ్యాయి. గరిటెతో పాన్ అడుగున గీత గీస్తే ఒక క్షణం ఆగి మూసుకుంటోంది. అంతే, రాజీ కుదిరింది. పాస్తాలో మిగిలిన పలుకు కూడా ఈ నిమిషంన్నర, రెండు నిమిషాల్లో సరిపోతుంది.

రాజీ చెడేది రెండు చోట్ల. ఒకటి, నూనె మరీ ఎక్కువైతే ఎంత పెద్దమనిషైనా అంతమందిని ఆపలేడు. రెండు, మంట మీద మరిచిపోతే నీళ్లు ఇగిరిపోయి నూనె మళ్లీ బయటపడుతుంది. అప్పుడు కంగారుపడి నూనె పోయకండి. రెండు చెంచాల గంజి పోసి మళ్లీ ఊపండి, కలుస్తుంది.

చీజ్ దగ్గర చాలామంది బోల్తా పడతారు. 40 గ్రాముల పార్మిజానో లేదా పెకొరీనో, దుమ్ములా సన్నగా తురిమినది. స్టవ్ ఆపి, అర నిమిషం ఆగి, కొద్దికొద్దిగా వేస్తూ కలపండి. సలసల కాగే పాస్తాలో వేస్తే చీజ్‌లోని ప్రొటీన్ గడ్డకట్టి గరిటెకి తాళ్లలా చుట్టుకుంటుంది. ఇక్కడా కాపాడేది పిండే. చీజూ మిరియాలూ వేసి చేసే కాచో ఎ పెపె సాస్ మీద భౌతికశాస్త్రవేత్తలు చేసిన పరిశోధన 2025లో అచ్చయింది, అదే ఏడాది ఇగ్ నోబెల్ కూడా తెచ్చుకుంది, అంటే ముందు నవ్వించి తరవాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే సరదా బహుమతి. వాళ్ల లెక్కలో చీజ్ బరువులో 2 నుంచి 3 శాతం పిండి ఉంటే సాస్ నిలుస్తుంది, 1 శాతం కంటే తగ్గితే ఉండకడుతుంది. మన 40 గ్రాముల చీజ్‌కి ఒక గ్రాము పిండి అన్నమాట. ఆ గ్రాము కోసమే ఇంత గోల! చీజ్ కలిశాక జుకినీ వేసి, బేసిల్ ఆకులు తుంపి వేసేయండి. ముందే వేడిలో వేస్తే నల్లబడతాయి.

వంటిల్లు కాగిపోతోంది, పొయ్యి ముందు నిలబడలేం అంటారా? పాస్తా వేశాక రెండు నిమిషాలు ఉడకనిచ్చి, తిప్పి, గట్టిగా మూతపెట్టి స్టవ్ ఆపేయండి. ప్యాకెట్ మీది సమయానికి ఒక నిమిషం కలిపి వదిలేస్తే ఆ వేడికే ఉడుకుతుంది. నోబెల్ అందుకున్న భౌతికశాస్త్రవేత్త జార్జో పరీజి 2022లో గ్యాస్ ఆదాకోసం దీన్ని ముందుకు తెస్తే ఇటలీ వంటవాళ్లు కొందరు మండిపడ్డారు. పాన్‌లో మళ్లీ వేడి చేసే పాస్తాకైతే, రెండు నిమిషాలు ముందే మూత తీసి వాడుకోండి, బాగానే వస్తుంది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా.

సాస్ అసలు వండకూడదనుకుంటే పచ్చి టమాటా. బాగా పండినవి 400 గ్రాములు, ముక్కలు చేసి ముప్పావు టీస్పూన్ ఉప్పు, మూడు టేబుల్‌స్పూన్ల ఆలివ్ నూనె, చిదిమిన వెల్లుల్లి రెబ్బ ఒకటి. అరగంట బయటే ఉంచండి. ఫ్రిజ్‌లో పెట్టిన టమాటాకి వాసన చచ్చిపోతుంది. గింజల చుట్టూ ఉండే జెల్లీ తీసేయకండి, కమ్మదనం కండకంటే అందులోనే ఎక్కువ. వెల్లుల్లి తీసేసి, వేడి పాస్తా వేసి కలపడమే. ఇది మళ్లీ పాన్ ఎక్కదు కాబట్టి పాస్తాని తినే పదునుకి ఉడికించాలి. పెద్దమనిషి ఇక్కడ రెండు చెంచాలు చాలు, టమాటా రసం ఎలాగూ ఉంది.

పచ్చి బఠానీలు, బీన్స్, ఆస్పరాగస్ అయితే వేరే గిన్నె అక్కర్లేదు. చివరి మూడు నిమిషాల్లో పాస్తా నీళ్లలోనే వేయండి. నిమ్మరసం మాత్రం పాన్‌లో పోయొద్దు. పులుపుకీ వేడికీ ఆకుపచ్చ రంగు పోయి బూడిదాకుపచ్చ అవుతుంది. తొక్క తురుము పాన్‌లో, రసం పళ్లెంలో.

చల్లగా తినే సలాడ్‌కి రూల్స్ తిరగబడతాయి. పాస్తా చల్లారితే బిరుసెక్కుతుంది, కాబట్టి పలుకు మీద తీయకుండా ఒక నిమిషం ఎక్కువ ఉడికించండి. ఫుసిల్లి, ఫర్ఫాల్లె లాంటి పొట్టి రకాలు మేలు. కడగడానికి ఒప్పుకునేది ఈ ఒక్కచోటే, ఇక్కడ పెద్దమనిషి ఉంటే ముద్ద చేస్తాడు. చెంచాడు నూనె పట్టించి పళ్లెంలో పరిచి ఆరనివ్వండి. ఉప్పు చల్లారాక మళ్లీ చూడండి, చల్లటి తిండికి రుచి మందంగా తెలుస్తుంది. వండినది బయట రెండు గంటలకి మించి ఉంచొద్దు, 32 డిగ్రీలు దాటిన ఎండలో అయితే గంటే. బాసిలస్ సీరియస్ అనే బాక్టీరియా విత్తులు (స్పోర్లు) ఉడికినా చావవు, బయట ఉంచితే అది చేసే విషం మళ్లీ వేడిచేసినా పోదు. టిఫిన్ డబ్బాలో పట్టుకెళ్తుంటే పక్కన ఐస్ ప్యాక్ పెట్టుకోండి. బేసిల్ విడిగా తీసుకెళ్లి, తినేముందు తుంపి వేసుకోండి.

[తెర మీద కొలతల పట్టిక. పది సెకన్లు.]