లోకాస్ట్ కారుకి 5 గేర్ల టైప్ 9 బాక్స్, కొత్త ప్రొపెల్లర్ షాఫ్ట్: నా రివ్యూ

నమస్కారం అండి. ఇంగ్లండ్ నుంచి మాట్లాడుతున్నాను. నా వెనకాల ఉన్నది మా గరాజ్‌లో కట్టుకున్న లోకాస్ట్. 1957లో కాలిన్ చాప్‌మన్ తెచ్చిన లోటస్ సెవెన్ పోలికలో, చదరపు గొట్టాలతో ఛాసిస్ వెల్డింగ్ చేసి, దానికి పాత ఫోర్డ్ భాగాలు బిగించి ఇక్కడివాళ్లు ఇళ్లలోనే కట్టుకునే కారు ఇది. దీంట్లో ఇంజిన్ ఫోర్డ్ వాళ్ల 2 లీటర్ల పింటో, వెనక చక్రాల్ని తిప్పే యాక్సిల్ ఫోర్డ్ ఎస్కార్ట్ కారుది. పోయిన చలికాలం 4 గేర్ల బాక్స్ తీసేసి, ఫోర్డ్ సియెర్రా కారులో వచ్చే టైప్ 9 అనే 5 గేర్ల బాక్స్ పెట్టాను. పెట్టిన డబ్బుకీ పడిన శ్రమకీ ఫలితం దక్కిందా లేదా, అదే ఈ వీడియో.

ఎందుకు మార్చానో ముందు చెప్తాను. నా టైర్లు 185/60 ఆర్13, యాక్సిల్ రేషియో 3.89, అంటే చక్రం ఒక చుట్టుకి యాక్సిల్‌లోకి వచ్చే షాఫ్ట్ 3.89 చుట్లు తిరగాలి. పాత బాక్స్‌లో టాప్ గేర్ 1.00, అంటే ఇంజిన్ ఎన్ని చుట్లు తిరిగితే షాఫ్ట్ కూడా అన్నే. మోటార్‌వే మీద 70 మైళ్ల వేగంలో ఇంజిన్ 4200 ఆర్‌పీఎం దగ్గర అరుస్తూ ఉండేది. పైకప్పు లేని కారులో రెండు గంటలు ఆ మోత విని దిగితే, చెవుల్లో హోరు రాత్రి దాకా తగ్గేది కాదు. టైప్ 9లో ఐదో గేర్ 0.82. అదే 70కి ఇప్పుడు 3450. పక్క సీట్లో మా ఆవిడ మాట్లాడితే వినబడుతోంది. నాకు అది చాలా పెద్ద విషయం.

అయితే కింది నాలుగు గేర్లలో తేడా ఏమీ లేదు. 3.65, 1.97, 1.37, 1.00. నా పాత బాక్స్‌లోనూ ఇవే అంకెలు. 600 కిలోలు కూడా లేని కారుకి ఆ ఫస్ట్ గేర్ మరీ చిన్నది. కదిలీ కదలగానే సెకండ్ వెయ్యాలి, వెయ్యగానే ఇంజిన్ ఊపు పడిపోతుంది. ఊళ్ల మధ్య మలుపుల రోడ్ల మీదే తిరిగేవాళ్లయితే ఈ పని పెట్టుకోవద్దనే చెప్తాను. దూరాలు వెళ్లేవాళ్లకే ఇది.

బాక్స్ బిగించడం పెద్ద కష్టం కాదు. పింటోకీ టైప్ 9కీ ఫోర్డే జత కలిపింది కాబట్టి, ఇంజిన్‌కీ బాక్స్‌కీ మధ్య ఉండే గంట ఆకారపు తొడుగు, అంటే సియెర్రా బెల్ హౌసింగ్, నేరుగా కూర్చుంటుంది. ఐదో గేర్‌ని అసలు కేసింగ్ వెనక తోకలాంటి భాగంలో పెట్టారు. అందుకే బాక్స్ పొడుగు. బాక్స్‌ని మోసే మౌంట్ వెనక్కి జరపాలి, సీట్ల మధ్య టనెల్ మీద గేర్ రాడ్ కంత మళ్లీ కోయాలి, బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌ని తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్ పొట్టిది చేయించాలి.

అసలు పని ఆ షాఫ్ట్‌దే. ఈ కారులో అది మన తుంటి పక్కనే, రేకు అవతల తిరుగుతూ ఉంటుంది. ఐదో గేర్‌లో ఇంజిన్ కన్నా వేగంగా తిరుగుతుంది. అందుకని గొట్టం కోసి మనమే వెల్డింగ్ చేసే పని కాదు ఇది. షాఫ్ట్‌లు చేసే షాపులో బ్యాలెన్స్ చేయించాల్సిందే.

ఇక్కడ నేను ఒక తప్పు చేశాను. కారుని స్టాండ్ల మీద లేపి, యాక్సిల్ కిందికి వేలాడుతుండగా కొలత తీశాను. ఇదిగో, షాఫ్ట్ ముందు కొసన బాక్స్‌లోకి జారుతూ దూరే ఈ స్లిప్ యోక్‌ని దగ్గరగా చూడండి. పూర్తిగా లోపలికి నెడితే ఆగే చోటు నుంచి అది 25 మిల్లీమీటర్లు వెనక్కి ఉండాలని లెక్క వేసుకున్నా. చక్రాల మీద దింపి, సీట్లలో ఇద్దరం కూర్చుని చూస్తే మిగిలింది 14. గుంతలో పడితే యోక్ లోపల గుద్దుకుంటుందేమోనని ఆ రాత్రంతా టెన్షనే. షాఫ్ట్ విప్పి, మళ్లీ కోయించి, మళ్లీ బ్యాలెన్స్ చేయించాను. రెండోసారీ డబ్బులు పెట్టాను. మీరు మాత్రం కారు నేల మీద ఉండగా, మనుషుల బరువు పడ్డాకే కొలవండి. ఇంత తేలికైన కారులో ఇద్దరు మనుషులంటే కారు బరువులో పావు వంతు.

తర్వాత 60 మైళ్ల దగ్గర సీటు కింద సన్నటి వణుకు మొదలైంది. బ్యాలెన్స్ బాగానే ఉంది. కోణాలే తప్పు. మన లారీ మెకానిక్‌లు క్రాస్ అంటారే, ఆ జాయింట్ వంగి తిరిగేటప్పుడు షాఫ్ట్ వేగం ఒక్కో చుట్టులో రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. అవతలి కొసన ఉన్న క్రాస్ అంతే కోణంలో ఉండి, షాఫ్ట్ రెండు చివర్లా క్రాస్‌ని పట్టుకునే యోక్‌లూ ఒకే వరసలో ఉంటేనే ఆ హెచ్చుతగ్గులు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. యాంగిల్ గేజ్ పెట్టి చూస్తే, గేర్ బాక్స్ వెనక్కి 2.5 డిగ్రీలు వాలి ఉంది. షాఫ్ట్ బిగించే యాక్సిల్ ముక్కు పైకి అర డిగ్రీ మాత్రమే లేచి ఉంది. రెండూ సమాంతరంగా ఉండాలి కదా. యాక్సిల్‌ని పట్టి ఉంచే వెనక లింక్‌ల చివర మరలు కొంచెం కొంచెంగా తిప్పుతూ ముక్కుని పైకి లేపాను. అలాగని రెండు కోణాలూ సున్నాకి తేకూడదు. క్రాస్‌లో సూది బేరింగులు కొంచెమైనా కదలకపోతే ఒకే చోట అరిగిపోతాయి.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో మన కారుకి ఇలా చేసుకోవచ్చా అని అడిగేవాళ్లు, పానా పట్టేముందు మోటారు వాహనాల చట్టంలో బండికి మార్పులు చేయడం గురించిన సెక్షన్ 52 చదవండి, ఆర్టీఓ ఆఫీసులో కనుక్కోండి. ఇక్కడ నేనూ ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పాకే బండి రోడ్డు ఎక్కించాను.

ఇప్పుడు మైక్ టనెల్ మీద పెడుతున్నాను. 60 దగ్గర ఇంతకుముందు రికార్డు చేసిన శబ్దం ముందు, ఈ రోజుది తర్వాత. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి.