రంగు వేయని టోపీ

సభకు నమస్కారం. పర్యావరణం మీద మాట్లాడమంటే కర్బన లెక్కలో, ధ్రువాల దగ్గర కరిగే మంచో వినబోతున్నామని మీరు అనుకుని ఉంటారు. నేను మాత్రం ఒక టోపీతో మొదలుపెడతాను. కాస్త ఓపిక పట్టండి.

1762లో, అమెరికాలోని న్యూజెర్సీలో, జాన్ వుల్మన్ అనే దర్జీ ఒక టోపీ తెప్పించుకున్నాడు. జంతువు బొచ్చు ఏ రంగులో ఉందో టోపీ కూడా అదే రంగు, అద్దకం లేదు. అతను క్వేకరు, అంటే సాదాగా బతకాలనే ఒక క్రైస్తవ శాఖ మనిషి. ఆ టోపీతో ప్రార్థనకు వెళ్తే తోటి క్వేకర్లే కొందరు దూరం జరిగారు. ఎందుకో వింటే నవ్వొస్తుంది. ఆ రోజుల్లో షోకిలారాయుళ్లు తెల్ల టోపీలు పెట్టేవారట. సాదాగా బతకాలని నానా అవస్థ పడుతున్న మనిషి, ఫ్యాషన్ వెంట పడ్డాడని వాళ్లు అనుకున్నారు.

రంగు ఎందుకు వద్దనుకున్నాడు? రంగు మురికిని దాచిపెడుతుంది, బట్ట తొందరగా చివికిపోయేలా చేస్తుంది అన్నాడు. పైన పటారం లోన లొటారం అని మనం అనేదే. నాది మచిలీపట్నం వైపు, కలంకారీ అద్దకాల గడ్డ. ఈ మాట మొదట చదివినప్పుడు నాకు మింగుడు పడలేదు. రంగంటే పాపమా? ఇప్పటికీ ఆ ఒక్క విషయంలో వుల్మన్‌తో నాకు పేచీ ఉంది. కానీ అతని మిగతా జీవితం చదివాక, ఆ టోపీ వెనక ఉన్న ప్రశ్న నన్ను వదల్లేదు: ఈ వస్తువు నా చేతికి వచ్చేలోపు ఎవరికి, దేనికి నొప్పి కలిగింది?

క్వేకర్లు ఎవరో నాలుగు ముక్కల్లో చెబుతాను. 17వ శతాబ్దపు ఇంగ్లండులో జార్జ్ ఫాక్స్ అనే యువకుడు మొదలుపెట్టిన క్రైస్తవ మార్గం అది. ప్రతి మనిషిలోనూ దైవాంశ ఉంది, దాన్ని వినడానికి మధ్యలో పురోహితుడు అక్కర్లేదు అన్నాడాయన. తమను తాము ‘మిత్రులు’ అనుకున్నారు. దేవుడి మాటకు వణకండి అన్నందుకు ఒక న్యాయాధికారి ఎగతాళిగా ‘క్వేకర్లు’, అంటే వణికేవాళ్లు, అన్నాడు. ఆ పేరే నిలిచిపోయింది. వాళ్ల పాత పద్ధతి ప్రార్థనలో పాట లేదు, ప్రసంగం లేదు. బల్లల మీద గంటసేపు మౌనంగా కూర్చుంటారు. లోపలి నుంచి ఎవరికైనా మాట తన్నుకొస్తే లేచి చెప్పి కూర్చుంటారు. ఇంత పొడుగు ఉపన్యాసం ఇస్తున్న నన్ను వాళ్లు ఒప్పుకోరన్నమాట.

మళ్లీ వుల్మన్ దగ్గరికి. చిన్నప్పుడు గూడు కాపలా కాస్తున్న ఒక తల్లి పిట్టను సరదాగా రాయి విసిరి చంపాడు. తల్లి లేని పిల్లలు ఆకలితో మాడి చస్తాయని తోచి, చెట్టెక్కి వాటినీ చంపాల్సి వచ్చింది. ఆ సంగతి పెద్దయ్యాక కూడా మరిచిపోలేదు, తన ఆత్మకథ మొదట్లోనే రాసుకున్నాడు. అతని కొట్టు బాగా సాగుతుంటే, వ్యాపారం పెరిగేకొద్దీ మనసుకు తీరిక పోతోందని దాన్ని తగ్గించుకుని కుట్టుపనికే పరిమితమయ్యాడు. బానిసల చెమటతో తయారైందని చక్కెర మానేశాడు. 1772లో ఇంగ్లండుకు ఓడలో వెళ్తూ, క్యాబిన్‌కు చెక్కిన అనవసరపు నగిషీల ఖర్చు టికెట్ ధరలో కలుస్తుంది కదా అని, నావికులతో కలిసి అడుగు అరలో పడుకున్నాడు. ఇంగ్లండులో గుర్రపు బళ్లు ఎక్కలేదు. వేగం కోసం గుర్రాలను తోలి తోలి చంపుతున్నారని, బండి మీది కుర్రాళ్లు చలికి గడ్డకట్టుకుపోతున్నారని విని, ఊరూరా నడిచాడు.

అదే ఏడాది అతను రాసిన ఒక మాట చూడండి. నేల పంట సృష్టికర్త ఇచ్చిన కానుక. బయటి దర్పం కోసం ఈ రోజు నేలను పీల్చి పిప్పి చేస్తే, రాబోయే తరానికి అన్యాయం చేసినట్టే. సుస్థిరత అనే పదం పుట్టకముందే సుస్థిరతకు ఇంతకన్నా తేలికైన నిర్వచనం ఉందా? అతను దీన్ని నేలశాస్త్రం చదివి రాయలేదు. బానిసత్వం గురించి ఆలోచిస్తూ ఆలోచిస్తూ అక్కడికి చేరాడు. మనిషిని పిండడమూ నేలను పిండడమూ అతనికి రెండు వేరు పనులుగా కనబడలేదు.

ఇక్కడ ఆపేస్తే ఇది పుణ్యపురుషుల కథ అయిపోతుంది. అవతలి వైపు కూడా చూడాలి.

1709లో ఇంగ్లండులోని కోల్‌బ్రూక్‌డేల్‌లో, కట్టెబొగ్గు బదులు రాతిబొగ్గును కాల్చి చేసిన కోక్‌తో ఇనుము కరిగించిన మనిషి అబ్రహాం డార్బీ. అతను కూడా క్వేకరే. పోతపోసింది ఫిరంగులు కావు, బీదవాళ్లు కొనుక్కోగల వంట పాత్రలు. 1825లో డార్లింగ్టన్ మీదుగా స్టాక్‌టన్‌కు నడిచిన రైలు గనుల బొగ్గును రేవుకు చేర్చడానికి వేసింది. దాని వెనక ఉన్న ఎడ్వర్డ్ పీస్ కూడా క్వేకరే. నిజాయితీ వ్యాపారం, ఉపయోగపడే వస్తువు, ఆడంబరం లేని జీవితం, అన్నీ సక్రమంగానే ఉన్నాయి. మన కాలాన్ని కమ్మేసిన పొగకు తొలి కొలుముల్లో ఒకటి ఆ సక్రమమైన ఇళ్లలోనే రాజుకుంది. సాదాతనం ఒక్కటే భూమిని కాపాడుతుందని ఎవరైనా అంటే, నేను వాళ్లకు డార్బీని గుర్తుచేస్తాను. వుల్మన్ ప్రశ్న డార్బీ వేసుకోలేదు. బొగ్గుకు అవతల నొప్పి ఎవరికో ఆ రోజుల్లో కనబడేదీ కాదు.

ఇప్పటి క్వేకర్లకు ఈ చరిత్ర బాగా తెలుసు. 2011లో కాంటర్‌బరీలో జరిగిన వార్షిక సమావేశంలో బ్రిటన్ క్వేకర్లు తక్కువ కర్బనంతో బతికే సమాజంగా మారతామని ఒప్పందానికి వచ్చారు. 2013లో, బొగ్గు, చమురు, గ్యాస్ తవ్వే కంపెనీల్లో పెట్టుబడులు ఉంచబోమని తేల్చారు. వాళ్ల సభల్లో ఓటింగు ఉండదు. అందరికీ ఒకే భావం కుదిరేదాకా మౌనంగా కూర్చుంటారు, గుమస్తా దాన్ని రాసి చదువుతాడు. బానిసత్వం విషయంలో ఈ పద్ధతికి ఎన్నో ఏళ్లు పట్టింది. అమెరికాలోని ఫిలడెల్ఫియా క్వేకర్లు బానిసలున్న సభ్యుణ్ణి ఉంచుకోబోమని నిశ్చయించేసరికి 1776 వచ్చింది, వుల్మన్ పోయి నాలుగేళ్లు. వాతావరణం అన్నేళ్లు మనకోసం ఆగుతుందా అన్నది నా అనుమానం. దీనికి వాళ్ల దగ్గరా నాకు జవాబు దొరకలేదు.

అయితే మౌనం అంటే చేతులు ముడుచుకు కూర్చోవడం కాదు. అన్యాయం జరిగే చోటికి వెళ్లి, కళ్లారా చూస్తూ నిలబడటాన్ని వాళ్లు సాక్ష్యం అంటారు. 1971లో అలాస్కాకు చెందిన అమ్‌చిట్కా దీవిలో అమెరికా అణుపరీక్ష చేయబోతుంటే, కెనడాలోని వాంకూవర్ నుంచి ఒక చేపల పడవ బయలుదేరింది. ఆ ప్రయత్నమే గ్రీన్‌పీస్ అనే పర్యావరణ సంస్థగా మారింది. దాన్ని మొదలుపెట్టిన వాళ్లలో స్టో, బోలెన్ దంపతులు క్వేకర్లు. ఫిలడెల్ఫియాలో మరో చిన్న క్వేకర్ బృందం, అపలాచియా కొండల తలలు పేల్చి బొగ్గు తీసే కంపెనీలకు అప్పులిస్తున్న పీఎన్‌సీ బ్యాంకు వెంట పడింది. 2012లో దాని ప్రధాన కార్యాలయం దాకా 200 మైళ్లు నడిచింది. 2015లో బ్యాంకు ఆ అప్పులు తగ్గిస్తానంది. నడక వుల్మన్ నాటి అలవాటే కదా.

మన దేశంతోనూ సంబంధం ఉంది. గాంధీ స్నేహితుడు హొరేస్ అలెగ్జాండర్ అనే క్వేకరు పిట్టల్ని చూసే మనిషి, 1950లో ఢిల్లీలో పక్షి వీక్షకుల సంఘం మొదలైందంటే ఆయన చలవే. మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ (ఇప్పటి నర్మదాపురం) దగ్గర రసూలియాలో క్వేకర్లు ఒక గ్రామీణ కేంద్రం నడిపారు. ప్రతాప్ అగర్వాల్ అక్కడ పని చేసిన రోజుల్లో దున్నడం, రసాయనాలు మానేసి, ఋషి ఖేతీ పేరుతో సేద్యం చేశారు. ప్రకృతి సేద్యం మాట మన రైతుల నోట ఇంతగా నానడానికి చాలా ముందు సంగతి అది.

చివరగా వుల్మన్ చావు గురించి. ఇంగ్లండుకు వచ్చి ఊరూరా నడిచిన ఆ ఏడాదే, యార్క్‌లో మశూచి సోకి అక్టోబరు 7న పోయాడు. పోయేముందు శవపేటిక ఎలా ఉండాలో చెప్పాడు. యాష్ చెట్టు చెక్కతో, ఏ అలంకారమూ లేకుండా చెయ్యమన్నాడు. ఓక్ వద్దన్నాడు, ఆ కలప వేరే పనులకు ఎక్కువ అక్కరకొస్తుందట. ఖర్చుకు తన ఒంటి మీది బట్టలు అమ్ముకోమన్నాడు.