పుట్టుమచ్చను కాల్చకండి, పరీక్షకు పంపండి

అందరికీ నమస్కారం. నేను పాథాలజిస్టును. రోగులు మమ్మల్ని చూడరు, వారి ఒంటి నుంచి తీసిన ముక్క మాత్రం మా మైక్రోస్కోపు కిందికి వస్తుంది. అనుమానం ఉన్న ప్రతి మచ్చా అలా మా దాకా రావాలని అడగడానికే ఈ సభకు వచ్చాను.

పుట్టుమచ్చ ఎక్కడుంటే ఏ యోగమో చెప్పేవారికి మన దగ్గర కొదవ లేదు. అది పెరుగుతోందా, రంగు మారుతోందా అని చూసుకునేవారే తక్కువ. మచ్చల్లో దాదాపు అన్నీ ప్రమాదం లేనివే. ఒక సగానికి మరో సగానికి పొంతన లేకపోయినా, అంచులు వంకరటింకరగా ఉన్నా, ఒకే మచ్చలో నలుపు, గోధుమ, ఎరుపు కలగలిసినా, 6 మిల్లీమీటర్లు దాటినా, నెలల వ్యవధిలో మారుతున్నా, దెబ్బ తగలకుండానే రక్తం చెమర్చినా చర్మవైద్యులకు చూపించండి.

చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్‌ను మెలనోమా అంటారు. అది తెల్లవాళ్ల జబ్బు కదా అంటారు. మనలో అరుదన్నది నిజం. అయితే మనకు వచ్చినప్పుడు ఎక్కువగా ఎండతో సంబంధం లేని చోట్ల వస్తుంది: అరికాలు, అరచేయి, గోరు కింద. జమైకా గాయకుడు బాబ్ మార్లీకి 1977లో కాలి బొటనవేలి గోరు కింద బయటపడింది ఇదే. 1981లో, 36 ఏళ్లకే ఆయన కన్నుమూశారు. మన ఇళ్లలో అరికాలి మచ్చను ముల్లు గుచ్చుకుందనో చెప్పు కరిచిందనో సరిపెట్టుకుంటారు. మధుమేహం ఉంటే షుగరు పుండు అనుకుని నెలల తరబడి కట్లు కట్టించుకుంటారు. గోటి మీద నిలువు నల్లగీతలు మన రంగు వారిలో మామూలే. కానీ ఒకే వేలి గీత వెడల్పవుతూ గోటి చుట్టూ చర్మం మీదికి కూడా పాకితే ఆలస్యం చేయవద్దు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఈ మచ్చలను కాల్చేయడం. పులిపిరి అనుకుని సున్నం, చాకలి సోడా కలిపి పెడతారు. పార్లర్‌లో లేజరుతో తీయించుకుంటారు. పైన నునుపవుతుంది, లోపల కణాలు మిగిలిపోవచ్చు. పరీక్షించడానికి మాత్రం ఏమీ మిగలదు. తర్వాత ఎప్పుడో గజ్జలోనో చంకలోనో గడ్డ కడితే, అది ఎక్కడ మొదలైందో చెప్పే ఆధారం అప్పటికే బూడిదై ఉంటుంది.

సరైన పద్ధతి పెద్ద ఆపరేషనేమీ కాదు. మచ్చ చుట్టూ మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. సూది గుచ్చినప్పటి చురుకే నొప్పి. రెండు మిల్లీమీటర్ల మంచి చర్మంతో సహా, అడుగున కొవ్వు దాకా, కంటి ఆకారంలో మచ్చ మొత్తాన్నీ కోసి తీసి కుట్లు వేస్తారు. ఒక కొసన చిన్న దారం ముడి వేసి ముక్క పాడవకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవం ఉన్న సీసాలో పంపిస్తారు. ఆ ముడి ఉంటే పై అంచు ఏదో, కింది అంచు ఏదో మాకు తెలుస్తుంది. మేము అంచులకు రంగుసిరా పూసి, ముక్కను మైనంలో పోతపోసి, వెంట్రుక కంటే ఎంతో పలుచని పొరలుగా తరిగి, రంగు వేసి చూస్తాం.

క్యాన్సర్ అని తేలితే మొదట చూసేది లోతు. 1970లో అలెగ్జాండర్ బ్రెస్లో అనే పాథాలజిస్టు చూపిన కొలత అది. మచ్చ వెడల్పు కాదు, చర్మంలోకి ఎన్ని మిల్లీమీటర్లు దిగిందన్నదే ముఖ్యం. ఒక మిల్లీమీటరు లోపే ఉంటే చుట్టూ ఒక సెంటీమీటరు చర్మం మళ్లీ తీస్తారు. చాలామందికి చికిత్స అక్కడితో సరి. రెండు మిల్లీమీటర్లు దాటితే రెండు సెంటీమీటర్లు తీయాలి, లింఫు గ్రంథులనూ పరీక్షించాలి. కాల్చేసిన మచ్చకు ఈ కొలత తీసే వీలే లేదు.

కత్తి పడితే క్యాన్సర్ పాకుతుందన్న భయం ఇంటింటా ఉంది. బయాప్సీ వల్ల, అంటే ఇలా పరీక్షకు ముక్క తీయడం వల్ల, మెలనోమా పాకదు. పాకడానికి వ్యవధి ఇచ్చేది మన జాప్యమే.

ఇంకొక మాట. మచ్చ తీయించుకునే ముందే ముక్కను ల్యాబ్‌కు పంపుతున్నారా అని అడగండి. రిపోర్టు కాగితాన్ని అడిగి తీసుకుని భద్రపరచండి. అందులో లోతు ఎంతో, అంచులు శుభ్రంగా, అంటే క్యాన్సర్ కణాలు లేకుండా, ఉన్నాయో లేదో రాసి ఉండాలి. సందేహం ఉంటే స్లైడ్లు, మైనపు దిమ్మెలు ల్యాబ్ నుంచి తీసుకుని మరో చోట చూపించవచ్చు. మొహమాట పడకండి, కష్టమైన మచ్చలను మేమే తోటి పాథాలజిస్టులకు చూపించి వారి అభిప్రాయం అడుగుతాం.