రెండేళ్ల కళాశాల: చేరడం తేలికే, పూర్తిచేయడమే కష్టం

[తెరపై: ఇల్లినాయ్ రాష్ట్ర పటం, జోలియెట్ పట్టణం]

వ్యాఖ్యానం: అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలుగా పేరొందిన రెండేళ్ల ప్రభుత్వ కళాశాలల్లో నేటికీ నడుస్తున్నవాటిలో అతి పాతది 1901లో జోలియెట్‌లో మొదలైంది. నర్సింగ్ వంటి కొన్ని కోర్సులకు పోటీ ఉన్నా, కళాశాలలో చేరడానికి మాత్రం హైస్కూలు పూర్తిచేసిన దాదాపు ఎవరికైనా అవకాశం ఉంటుంది. వెల్డింగ్, ఆటోమొబైల్ మరమ్మతు, ఏసీల నిర్వహణ వంటి పనులను కొన్ని నెలల సర్టిఫికెట్‌గానో, రెండేళ్ల అసోసియేట్ డిగ్రీగానో నేర్చుకోవచ్చు. మన పాలిటెక్నిక్ డిప్లొమా వెంటనే గుర్తుకొస్తుంది గానీ, పదో తరగతి కాగానే పాలీసెట్ రాసి చేరే మన విద్యార్థి అవసరాలు వేరు, ఉద్యోగం చేస్తూ, పిల్లలను పెంచుతూ ముప్పై ఏళ్లు దాటాక చేరే అక్కడి విద్యార్థి అవసరాలు వేరు.

[తెరపై: సాయంత్రం తరగతి, సగం ఖాళీగా ఉన్న బెంచీలు]

వ్యాఖ్యానం: చేరినవారిలో చాలామంది మధ్యలోనే ఆగిపోతారు. చదువు రాకపోవడమే ఇందుకు కారణమనుకోవడం అన్యాయం. బస్సు ఛార్జీ, పుస్తకాల ఖర్చు, డిగ్రీ లెక్కలోకి రాని ప్రాథమిక గణితం తరగతులు, ఏ కోర్సు ఎప్పుడు తీసుకోవాలో చెప్పేవారు లేకపోవడం, ఇవన్నీ కలిసి మనిషిని వెనక్కి లాగుతాయి.

[తెరపై: న్యూయార్క్ నగరం, సబ్‌వే స్టేషన్]

వ్యాఖ్యానం: న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం 2007లో ఏశాప్ అనే కార్యక్రమాన్ని ప్రారంభించింది. విద్యార్థి పూర్తికాలం చదవాలన్నది షరతు. అందుకు బదులుగా ఆర్థిక సహాయం పోగా మిగిలిన ఫీజు మాఫీ, పుస్తకాలు, ప్రయాణ కార్డు, ట్యూటరింగ్, తరచూ కలిసే సలహాదారు లభిస్తారు. ఇలాంటి కార్యక్రమాల ఫలితాలను అధ్యయనం చేసే ఎండీఆర్సీ అనే పరిశోధన సంస్థ విద్యార్థులను లాటరీ పద్ధతిలో రెండు బృందాలుగా విభజించి పరిశీలించగా, మూడేళ్లలో డిగ్రీ పొందినవారు ఈ సహాయం అందిన బృందంలో 40 శాతం, అందని బృందంలో 22 శాతం ఉన్నారు. ఒహాయోలోని మూడు కళాశాలల్లో ఇదే నమూనాను అనుసరించినప్పుడు 35 శాతం, 19 శాతంగా తేలింది. న్యూయార్క్‌లో ఒక్కో విద్యార్థిపై ఖర్చు పెరిగినా, పట్టా పొందినవారు అంతకన్నా ఎక్కువగా పెరిగినందువల్ల ఒక్కో పట్టాకు అయిన ఖర్చు తగ్గింది. ప్రభుత్వాలు ఈ లెక్కనే ముందు చూడాలని నా అభిప్రాయం.

[తెరపై: వర్క్‌షాప్‌లో ఇద్దరు ఉపాధ్యాయులు]

వ్యాఖ్యానం: వాషింగ్టన్ రాష్ట్రంలో అమలవుతున్న ఐ-బెస్ట్ విధానం మరో దారి తొక్కింది. ఇంగ్లిషు, లెక్కలు బాగా వచ్చేవరకు వృత్తి కోర్సును ఆపి ఉంచకుండా, వృత్తి నేర్పే ఉపాధ్యాయుడితోపాటు భాష, గణితం నేర్పే ఉపాధ్యాయుడూ అదే తరగతిలో ఉంటారు. అందువల్ల భిన్నాలను, కొలతలను విద్యార్థి చేతిలో ఉన్న పనితోనే నేర్చుకుంటాడు.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఇలాంటి కళాశాలలో చేరాలనుకునేవారు ఫీజు ఒక్కటే విచారించి ఊరుకోకుండా, ఒక్కో సలహాదారు కింద ఎంతమంది విద్యార్థులున్నారో, ప్రాథమిక గణితం విడిగా చదవాలో కోర్సుతోపాటే చదవవచ్చో, చేరినవారిలో ఎంతమంది మూడేళ్లలో పూర్తిచేస్తున్నారో కూడా ప్రవేశాల కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి.