లంకకు చేరే హెచ్చరిక: వర్చువల్ మెషీన్‌కు ఇంటరప్ట్ ఎలా అందుతుంది?

[తెరపై: ధవళేశ్వరం బ్యారేజీ, గేట్ల మీదుగా దూకుతున్న ఎర్రనీరు]

నమస్కారం. ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది జారీ అవుతాయని కోనసీమలో బడిపిల్లలకు కూడా తెలుసు. గోదావరి లంకలో కొబ్బరితోట ఉన్న రైతు గంటగంటకూ రేవుకు వెళ్లి నీరు ఎంత పెరిగిందో చూడనవసరం లేదు. హెచ్చరిక అందినప్పుడు చేతిలోని పని వదిలి, పశువులను ఏటిగట్టు మీదికి తోలుకుపోతే చాలు. ప్రాసెసర్‌కూ పరికరాలకూ మధ్య ఉన్న ఏర్పాటు కూడా ఇటువంటిదే. నెట్‌వర్క్ కార్డుకు ప్యాకెట్ అందగానే అది ఇంటరప్ట్, అంటే పని ఆపి తనను చూడమనే సంకేతం, పంపుతుంది. ప్రాసెసర్ తన పనిని అక్కడే ఆపి, ఆ ఇంటరప్ట్ సంఖ్యకు ఎదురుగా కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లోని కీలక భాగం) పట్టికలో రాసిపెట్టిన ఫంక్షన్‌కు వెళ్తుంది. ఎక్స్86 ప్రాసెసర్లలో ఈ సంఖ్యలను వెక్టర్లు అంటారు. అవి మొత్తం 256.

[తెరపై: ఒక ప్రాసెసర్, దాని మీద హోస్ట్ కెర్నెల్, ఆపైన రెండు గెస్ట్‌లు]

అదే యంత్రంలో వర్చువల్ మెషీన్లు, అంటే సాఫ్ట్‌వేర్ కల్పించిన కంప్యూటర్లు, నడుస్తున్నప్పుడు చిక్కు మొదలవుతుంది. వీటిని గెస్ట్‌లు అంటారు, వీటిని మోసే అసలు యంత్రాన్ని హోస్ట్ అంటారు. ప్రతి గెస్ట్‌కూ సొంత కెర్నెల్, సొంత వెక్టర్ పట్టిక ఉంటాయి; కాని వచ్చిన ఇంటరప్ట్ ఎవరిదో ప్రాసెసర్‌కు తెలియదు. అది గెస్ట్‌కు కేటాయించిన కార్డుది కావచ్చు, హోస్ట్ డిస్కుది కావచ్చు. అందువల్ల లైనక్స్‌లోని కేవీఎం, అంటే 2007లో 2.6.20 వెర్షన్‌తో కెర్నెల్‌లో చేరిన హైపర్‌వైజర్ (గెస్ట్‌లను నడిపించే సాఫ్ట్‌వేర్), ఇంటెల్ ప్రాసెసర్లకు ఒక కట్టుదిట్టమైన నియమం పెడుతుంది: గెస్ట్ నడుస్తుండగా బయటి నుంచి ఏ ఇంటరప్ట్ వచ్చినా ముందు గెస్ట్‌ను ఆపి హోస్ట్ చేతికి రావాలి. దీనినే వీఎం ఎగ్జిట్ అంటారు. గెస్ట్ తన ఇంటరప్ట్‌లను నిలిపివేసుకుని కూర్చున్నా ఈ ఎగ్జిట్ ఆగదు. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గాని, నా దృష్టిలో మొత్తం కట్టడానికి పునాది ఇదే. ఇది లేకపోతే ఏ గెస్ట్ అయినా తన చెవులు మూసుకుని హోస్ట్ చెవులు కూడా మూయించగలదు.

ఇప్పుడు గెస్ట్‌కు నేరుగా అప్పగించిన నెట్‌వర్క్ కార్డు ఇంటరప్ట్ పాత పద్ధతిలో ఎంత దూరం తిరుగుతుందో చూడండి. కార్డు ఇంటరప్ట్ పంపగానే ఎగ్జిట్ జరుగుతుంది. పరికరాలను గెస్ట్‌లకు అప్పగించే వీఎఫ్ఐఓ డ్రైవర్ హోస్ట్ కెర్నెల్‌లో దానిని అందుకుని, కబురు అందించే గంట వంటి ఒక ఈవెంట్ఎఫ్‌డీని తడుతుంది. ఆ తట్టు విన్న కేవీఎం, గెస్ట్ కోసం తాను కల్పించిన ఇంటరప్ట్ కంట్రోలర్‌లో ఒక బిట్ పెడుతుంది. తిరిగి గెస్ట్‌లోకి ప్రవేశించేటప్పుడు ఆ వెక్టర్‌ను చొప్పిస్తుంది. పని ముగిసిందని గెస్ట్ కంట్రోలర్‌కు రాసినప్పుడు, ఆ కంట్రోలర్ నిజమైనది కాదు కనుక, మరొక ఎగ్జిట్. కలెక్టరేట్ నుంచి మండల కార్యాలయానికి, అక్కడి నుంచి గ్రామానికి, చివరికి పడవ మీద లంకకు చేరిన హెచ్చరిక వంటిది ఇది. కబురులో తప్పేమీ ఉండదు, కాని క్షణానికి వేల ప్యాకెట్లు వచ్చే చోట ఈ రాకపోకల ఖర్చే అసలు పనిని మింగేస్తుంది.

[తెరపై: కార్డు నుంచి ఐఓఎంఎంయూకు, అక్కడి నుంచి గెస్ట్‌కు నేరుగా గీత]

దీనికి ఇంటెల్ చూపిన మార్గం పోస్టెడ్ ఇంటరప్ట్. గెస్ట్‌కు కనిపించే ప్రతి వర్చువల్ ప్రాసెసర్‌కూ మెమరీలో డిస్క్రిప్టర్ అనే 64 బైట్ల చిన్న పట్టిక ఒకటి ఉంటుంది. అందులో వెక్టర్‌కు ఒకటి చొప్పున 256 బిట్లు ఉంటాయి. కార్డు పంపిన ఇంటరప్ట్‌ను ఐఓఎంఎంయూ, అంటే పరికరాలకూ మెమరీకీ మధ్య కాపలా ఉండే హార్డ్‌వేర్, అడ్డగించి, తగిన బిట్‌ను అక్కడ గుర్తు పెట్టి, ఆ గెస్ట్ నడుస్తున్న ప్రాసెసర్‌కు ఒక ప్రత్యేక నోటిఫికేషన్ వెక్టర్‌ను పంపుతుంది. గెస్ట్‌లో ఉన్న ప్రాసెసర్ ఆ వెక్టర్‌ను గుర్తుపట్టి, ఎగ్జిట్ లేకుండానే బిట్లను లోపలికి తీసుకుని గెస్ట్ ఫంక్షన్‌ను పిలుస్తుంది. పని ముగిసిందని చెప్పే రాతను కూడా చాలావరకు ప్రాసెసరే చూసుకుంటుంది.

ఇక హైపర్‌వైజర్‌కు పనేమీ లేదని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. వర్చువల్ ప్రాసెసర్ ఒక కోర్ నుంచి మరొక కోర్‌కు మారిన ప్రతిసారీ డిస్క్రిప్టర్‌లో కొత్త చిరునామా రాయవలసింది కేవీఎమ్మే. ఏ పని ఎప్పుడు నడవాలో నిర్ణయించే షెడ్యూలర్ ఆ వర్చువల్ ప్రాసెసర్‌ను మధ్యలో దించివేస్తే, నోటిఫికేషన్లు వృథాగా రాకుండా ఆపే బిట్‌ను పెట్టవలసిందీ అదే. గెస్ట్ పని లేక నిద్రపోతే, నోటిఫికేషన్ స్థానంలో వేకప్ వెక్టర్‌ను ఉంచాలి. అప్పుడు వచ్చిన ఇంటరప్ట్ హోస్ట్‌కు చేరి, ఆ గెస్ట్‌ను నడిపే, నిద్రపోయిన థ్రెడ్‌ను లేపుతుంది. చిరునామా గాని వేకప్ వెక్టర్ గాని తప్పితే కార్డు ఇంటరప్ట్ పంపుతూనే ఉంటుంది, గెస్ట్ మాత్రం ఎదురుచూస్తూ ఉంటుంది. ఇటువంటి లోపాన్ని పట్టుకోవడం కష్టం, ఎందుకంటే ఎక్కడా ఎర్రర్ కనిపించదు.

[తెరపై: టెర్మినల్]

మీ యంత్రంలో దీనిని పరిశీలించాలంటే, ప్రాక్ డైరెక్టరీలోని ఇంటరప్ట్స్ ఫైల్ తెరిచి పీఐఎన్, పీఐడబ్ల్యూ అనే వరుసలు చూడండి. పీఐఎన్ నోటిఫికేషన్లది, పీఐడబ్ల్యూ మేలుకొలుపులది. అయితే పీఐఎన్ అంకె తక్కువగా ఉందని కంగారు పడకండి: గెస్ట్ లోపలే అందిపోయిన నోటిఫికేషన్ హోస్ట్ లెక్కలోకి రాదు, గెస్ట్ బయట ఉన్న క్షణంలో వచ్చినవే అక్కడ నమోదవుతాయి.