భైరవికి రెండు ధైవతాలు

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ అధ్యక్షులవారు చదివేశారు, మళ్లీ చదివితే మైకుకే విసుగొస్తుంది. స్వరలిపి పుస్తకం ఆవిష్కరణ కదా, పాశ్చాత్య స్వరలిపి గురించి నాలుగు ముక్కలు చెప్పమన్నారు. చెబుతాను. ఆ పైన నా బాధ కూడా చెబుతాను.

పియానో వాళ్లు పాట మొదట్లోనే ఏ స్వరాలు ఫ్లాటో, ఏవి షార్పో గీతల మీద వేసిపెడతారు. మనం పాట పైన రాగం పేరు, ఆరోహణ, అవరోహణ వేసుకున్నట్టే. మధ్యలో ఆ లెక్కకు బయటి స్వరం వస్తే మాత్రం దాని ముందే గుర్తు పెట్టి తీరాలి. షార్ప్ అంటే అరమెట్టు పైకి, ఫ్లాట్ అంటే అరమెట్టు కిందికి, నేచురల్ అంటే ఆ రెండూ రద్దు. ఆ గుర్తు ఆ బార్ వరకే చెల్లుతుంది. నిలువుగీత దాటితే మళ్లీ మొదటి లెక్కే.

మనకూ రాగం లెక్కకు బయటి స్వరాలున్నాయండీ, అన్యస్వరాలని! షడ్జాన్ని, అంటే 'స'ని, పియానోలో సి మెట్టు మీద పెట్టుకోండి. కాంభోజి రాగానికి నిషాదం, అంటే 'ని', ఒక్కటే ఫ్లాట్. 'స ని ప ద స' అన్నచోట కాకలి నిషాదం, అంటే పై 'ని', పడుతుంది, అక్కడ నేచురల్. బిలహరికి అసలు ఫ్లాటే లేదు, 'ప ద ని ద ప'లో కైశికి నిషాదం, అంటే కింది 'ని', తొంగిచూస్తుంది, అక్కడ ఫ్లాట్. బేహాగ్‌లో ప్రతిమధ్యమానికి, అంటే పై 'మ'కి, షార్ప్. ఇక భైరవి. ఇరవయ్యో మేళం, అంటే ఇరవయ్యో మూలరాగం, నుంచి పుట్టింది, మూడు ఫ్లాట్లు. దిగేటప్పుడు శుద్ధ ధైవతం, అంటే కింది 'ద'. ఎక్కేటప్పుడు చతుశ్రుతి ధైవతం, అంటే పై 'ద', పియానో లెక్కలో 'ఏ' స్వరం ముందు నేచురల్.

నా బాధ ఇక్కడే. ఒక ప్రచురణకర్త, పేరొద్దు లెండి, వర్ణాల పుస్తకం, అంటే సాధనకు పాడే రచనల పుస్తకం, సరిచూడమన్నాడు. భైరవి రాగంలోని 'విరిబోణి' వర్ణంలో చతుశ్రుతి ధైవతం వచ్చిన ప్రతిచోటా దకారం పక్కన నక్షత్రం పెట్టి ఇచ్చాను. అచ్చయ్యాక చూస్తే ఒక్కటీ లేదు. ఫోన్ చేశాను. "పేజీ చిందరవందరగా ఉందండీ, తీసేశాం" అన్నాడు. మరి స్వరాల మీది చుక్కలుంచావేమయ్యా అంటే, "అవి తారస్థాయివి కదండీ, తీస్తే తప్పయిపోదూ" అన్నాడు! ఆ పుస్తకం చూసి నేర్చుకున్న పిల్ల పోటీలో వర్ణమంతా శుద్ధ ధైవతంతోనే పాడింది. న్యాయనిర్ణేతలు మార్కులు కోసేశారు. పిల్లదేం తప్పండీ? మీరే చెప్పండి.

1890లలో చిన్నస్వామి ముదలియార్ త్యాగరాజ కీర్తనల్ని పియానో వాళ్ల ఐదు గీతల స్టాఫ్ నొటేషన్‌లోకి ఎక్కించి అచ్చేశారు. 1904లో సుబ్బరామ దీక్షితులు ఎట్టయాపురంలో, తమిళ దేశంలో, తెలుగు లిపిలో 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' తెచ్చారు. గమకాలకు, అంటే స్వరాన్ని ఊపే తీరులకు, కూడా వేరువేరు గుర్తులు! సీసపు అక్షరాలు చేత్తో పేర్చినవాళ్లకు కుదిరింది. కంప్యూటరున్న మనకు ఒక్క నక్షత్రం చిందరవందర.

గురుముఖతః నేర్చుకోవాలి, పుస్తకమెందుకు అంటారు కొందరు. నిజమే, భైరవి గాంధారంలో ఆ ఊపు ఏ గుర్తుకూ లొంగదు. కానీ డాలస్‌లో ఉన్న పిల్లకు గురువు కంప్యూటర్ తెర మీద వారానికోసారి కనిపిస్తాడు. మిగతా ఆరు రోజులూ ఆ పిల్లకు గురువెవరండీ? ఈ పుస్తకమే. 'ఇక్కడ ఏదో ఉంది, అడుగు' అని చెప్పడానికైనా ఆ నక్షత్రం కావాలి.

ఇవాళ ఆవిష్కరించిన పుస్తకం నిన్న రాత్రే చదివాను. కాగితం బాగుంది, అట్ట బాగుంది. నక్షత్రాలు ఇందులోనూ లేవు. సంపాదకులు నన్ను మన్నించాలి.

చెప్పాలనుకున్నవి ఇంకా ఉన్నాయి, పక్కన పెట్టేస్తున్నాను. పుస్తకం ఉన్నవాళ్లు భైరవి వర్ణం తీయండి. పెన్సిళ్లున్నాయా? లేనివాళ్లు పక్కవాళ్లని అడగండి. నేను పల్లవి పాడతాను, 'ద' మీద చెయ్యెత్తినప్పుడల్లా నక్షత్రం పెట్టుకోండి. అమ్మా, ఆ శ్రుతిపెట్టె కాస్త వేయమ్మా. ఒకటిన్నర శ్రుతికి.